రొయ్యలు ఎందుకు తినవని అడిగితే ఏం చెప్పాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి పీజీలో ఉంటున్నారు, ఇంట్లో నేర్పిన నియమాలన్నీ పాటిస్తున్నారు, రూమ్మేట్ "ఎందుకు?" అంటే మాత్రం నోట మాట రావడం లేదు. కారణం తెలియకుండా దేవుని ఆజ్ఞ పాటించడం విశ్వాసమా, మొండితనమా అంటున్నారు. నేను ఇక్కడికి వచ్చి పదకొండేళ్లయింది. నాకు జరిగింది చెప్తాను.

మాది నూజివీడు. మా అడ్వెంటిస్టుల గిఫర్డ్ ఆసుపత్రి ఉన్న ఊరు కాబట్టి, శనివారాన్ని విశ్రాంతి దినంగా పాటించే ఈ క్రైస్తవులెవరో అక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. శుక్రవారం పొద్దుగుంకింది మొదలు శనివారం పొద్దుగుంకేదాకా మాకు సబ్బాతు, అంటే విశ్రాంతి దినం, ఉద్యోగం పని ముట్టుకోం. పంది మాంసం, రొయ్యలు, పీతలు తినం. నీళ్లలో ఉండేవాటిలో రెక్కలూ పొలుసులూ రెండూ ఉన్నవే తినాలని బైబిల్లో లేవీయకాండం 11వ అధ్యాయంలో ఉంది. మా నాయనమ్మ చేపల బజారులో బొటనవేలి గోటితో చేపని తోక వైపు నుంచి పైకి గీకి చూసేది. పొలుసు లేస్తేనే సంచిలోకి. వాలుగ ఎంత చవగ్గా ఇస్తామన్నా పొలుసు లేదని వదిలేసేది. "ఎందుకు నాయనమ్మా?" అంటే, "రాసింది నేనా? ఆయన్నడుగు" అనేది.

ఇక్కడికొచ్చాక ఆ జవాబు పనికిరాదనిపించింది. కృష్ణా జిల్లావాడు రొయ్యలు తినడంటే ఆంధ్రా మెస్‌లో అందరూ వింతగా చూసేవాళ్లు. అందుకని "కొలెస్ట్రాల్ ఎక్కువ కదా" అనడం మొదలుపెట్టాను. గుంటూరు కొలీగ్ ఒకడు నా ప్లేట్ వంక చూసి, "మరి ఆ మేక మెదడు వేపుడులో ఎంతుంటుందో తెలుసా?" అన్నాడు. అందులో రొయ్యలకంటే చాలా ఎక్కువే ఉంటుంది. నాకు మాట పడిపోయింది. అరువు తెచ్చుకున్న కారణంతో ఇదే చిక్కు. అది ఓడిపోతే దానితోపాటు ఆజ్ఞా ఓడిపోయినట్టు కనిపిస్తుంది. వాట్సాప్‌లో తిరిగే "మన ఆచారాల వెనుక సైన్స్" మెసేజ్‌లు ఏ మతంవాళ్లవైనా నాకు అందుకే పడవు.

సబ్బాతు సంగతి ఇంకా అధ్వానం. మొదటి కంపెనీలో సాఫ్ట్‌వేర్ రిలీజులన్నీ శుక్రవారం రాత్రే. నవంబరులో ఇక్కడ ఆరు కాకముందే పొద్దుగుంకుతుంది. ఐదింటినుంచే నాకు టెన్షన్. మతం సంగతి చెప్తే నవ్వుతారని అమ్మకి ఒంట్లో బాగాలేదనో, ఊరెళ్లాలనో చెప్పి జారుకునేవాణ్ని. అంటే, పది ఆజ్ఞల్లో సబ్బాతు పాటించమన్న నాలుగో ఆజ్ఞ కోసం, అబద్ధం చెప్పొద్దన్న తొమ్మిదో ఆజ్ఞ వారం వారం మీరుతున్నానన్నమాట. చివరికి విసుగొచ్చి పాటించడమే మానేశాను. ఐదు నెలలు శనివారాలు పనిచేశాను. పిడుగేమీ పడలేదు, హైక్ కూడా వచ్చింది. ఇది దాచి మీకు సాక్ష్యం చెప్పలేను.

మరి మళ్లీ ఎందుకు మొదలుపెట్టానంటే, ఆ ఐదు నెలలూ "శనివారం బదులు ఇంకో రోజు తీసుకుంటాను" అనుకున్నాను. ఒక వారం ఆదివారం, తర్వాతి వారం బుధవారం సాయంత్రం, ఆ తర్వాత ఏదీ లేదు. నేను పెట్టుకున్న రోజు కాబట్టి నేనే జరుపుకుంటూ పోయాను. సబ్బాతు నేను పెట్టింది కాదు, అందుకే దానితో బేరం కుదరదు. "విశ్రాంతి ఆరోగ్యానికి మంచిది" అనుకుంటే ఏ రోజైనా సరిపోతుంది. ఏడో రోజే ఎందుకన్నదానికి ఆ కారణంలో జవాబు లేదు.

ఈసారి మేనేజర్‌కి నిజం చెప్పాను: "సర్, మా విశ్వాసం. పూర్తి కారణం నేనూ చెప్పలేను. ఆదివారం ఆన్‌కాల్ అంతా నాకివ్వండి." ఆయన ఒక్క నిమిషం ఆలోచించి సరేనన్నాడు. రెండేళ్లపాటు ప్రతి ఆదివారం ల్యాప్‌టాప్ నా ఒళ్లోనే ఉంది. క్రికెట్ ఫైనళ్లు కూడా అలాగే చూశాను.

ఇంకో సంగతి చెప్పాలి. సబ్బాతుకి బైబిల్లోనే రెండు కారణాలున్నాయి. నిర్గమకాండం 20లో దేవుడు ఆరు రోజుల్లో అంతా చేసి ఏడో రోజు విశ్రమించాడని ఉంటుంది. ద్వితీయోపదేశకాండం 5లో అదే ఆజ్ఞకి, నువ్వు ఐగుప్తులో దాసుడిగా ఉన్నావని గుర్తుంచుకో, నీ దాసుడూ దాసీ కూడా నీలాగే విశ్రమించాలి అని ఉంటుంది. చిన్నప్పుడు వాక్యం కంఠస్థం చేసినవాణ్నే, అయినా ఆ రెండోది నా బుర్రకెక్కలేదు.

ఒక శనివారం మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చి ఫోన్లో భోజనం ఆర్డర్ పెట్టాను. బయట జోరువాన. మా లిఫ్ట్ పనిచేయడం లేదు. నాలుగో అంతస్తుదాకా ఎక్కి వచ్చాడు కుర్రాడు, రెయిన్‌కోటు అంచు నుంచి నీళ్లు గడప మీద కారుతున్నాయి. అడిగితే మదనపల్లె అన్నాడు. పొట్లం మాత్రం తడవలేదు, చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడు. నేను సబ్బాతు ఆచరిస్తూ కూర్చుంటే నా అన్నం కోసం వాడు మెట్లెక్కాడు. ఆ వాక్యం అప్పుడు తగిలింది. ఆజ్ఞ చేతిలో పెట్టుకుని ఎన్నేళ్లు తిరిగానో చూడండి! ఇప్పుడు శుక్రవారం సాయంత్రమే పులిహోర కలిపి, చారు పెట్టేస్తాను.

ఒక్క జాగ్రత్త. కారణం తెలియకపోవడం వేరు, ఆజ్ఞ ఎవరిదో తెలియకపోవడం వేరు. ఒకసారి ఓ సంఘపెద్ద కుర్రాళ్లు జీన్స్ వేసుకుని రాకూడదన్నాడు. "వాక్యంలో ఎక్కడుందండీ?" అంటే కోపమొచ్చింది ఆయనకి. అపొస్తలుడైన పౌలు చెప్పినదాన్నే బెరయ అనే ఊరివాళ్లు లేఖనాల్లో వెతికి చూసుకున్నారని అపొస్తలుల కార్యాలు 17లో ఉంది, పైగా వాళ్లని మెచ్చుకుంటూ రాశారు. నేను ఇంకా జీన్సే వేసుకుంటున్నాను. ఇంకోటి కూడా చూసుకుంటాను: నేను పాటిస్తే ఖర్చు ఎవరికి? ఆ ఖర్చు నాదే అయితే అర్థం కాకపోయినా పాటిస్తాను. పక్కవాడి ఒంటికో, డబ్బుకో, వైద్యానికో ఎసరు పెట్టేదైతే అర్థమయ్యేదాకా కదలను.

రొయ్యల కారణం నాకు ఈరోజుకీ అంతుపట్టలేదు. ఆ గుంటూరు మిత్రుడు ఇంకా అడుగుతూనే ఉంటాడు. "తెలియదు, తినను" అంటాను. "సరే అయితే" అని నా థాలీలోంచి రొయ్యల గిన్నె వాడి వైపుకి జరుపుకుంటాడు.