తాతగారి పద్దు పుస్తకం, మీ అబ్బాయి వాయిదా

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. రామచంద్రపురం దగ్గర మా పాత ఇల్లు పడగొడుతుంటే అటక మీద మా తాతగారి పద్దు పుస్తకం దొరికింది. 1928లో వడ్లు బస్తా 6 రూపాయలకు అమ్మినట్టు, 1932లో అదే బస్తా 3 రూపాయలకు ఇచ్చినట్టు, ఆ ఏడే మా నాయనమ్మ కాసులపేరు ఎనిమిది తులాలు, తులం 26 చొప్పున అమ్మినట్టు అందులో ఉంది. మళ్లీ అలాంటి మాంద్యం వస్తోందని ఫోనులో రోజూ వీడియోలు. నాకు పింఛను 41 వేలు వస్తుంది. ఒకే సహకార బ్యాంకులో 22 లక్షల డిపాజిట్లు, మ్యూచువల్ ఫండ్లలో 14 లక్షలు ఉన్నాయి. ఫండ్లు అమ్మేసి బంగారం కొని, మా ఆవిడ నగలు తాకట్టు పెట్టి 10 లక్షలు తెచ్చి ఊళ్లో అర ఎకరం కొందామని ఆలోచన. డబ్బు విలువ పోయినా బంగారం, భూమి నిలుస్తాయి కదా? మా అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వాడికి 62 లక్షల ఇంటి అప్పు ఉంది. మీ సలహా ఏమిటి?

జవాబు: మాస్టారూ, మీరు పంపిన పుటల ఫొటోలు రెండు సాయంత్రాలు కూర్చుని చదివాను. మీ తాతగారి కూడికల్లో ఒక్క కాని కూడా తేడా లేదు. తేడా వచ్చిందల్లా వాటి నుంచి మీరు తీసిన అర్థంలోనే.

‘డబ్బు విలువ పోయినా’ అని రాశారు. పుస్తకం చెప్పేది సరిగ్గా దీనికి ఎదురు. 1928లో ఒక రూపాయికి బస్తాలో ఆరో వంతు వడ్లు వచ్చేవి, 1932లో మూడో వంతు వచ్చాయి. రూపాయి విలువ పోలేదు, రెట్టింపయింది. ఇది మీ ఊరికే పట్టిన గతి కాదు. 1914 జూలైని 100గా పెట్టుకుని లెక్కగట్టే కలకత్తా టోకు ధరల సూచీ 1929లో 141 ఉండేది, 1933కి 87కు దిగింది. ధరలు మండిపోయే కాలంలో దాచిన డబ్బు కరిగిపోతుంది, నిజమే. ధరలూ రాబడులూ పడిపోయే మాంద్యంలో మాత్రం చేతిలో రూపాయి ఉన్నవాడు దొర, రూపాయి బాకీ ఉన్నవాడు బానిస. మీ వీడియోల వాళ్లు ఈ రెండింటినీ కలిపి వండి వడ్డిస్తున్నారు.

మీరు ప్రశ్నలో రాయని పద్దు ఒకటి ఫొటోల్లో ఉంది. 1928లో మీ మేనత్తగారి పెళ్లికి 400 రూపాయల ప్రోనోటు, నూటికి నెలకు రూపాయి వడ్డీ. అంటే ఏడాదికి 48 రూపాయలు. శిస్తు, నీటి తీరువా కలిపి మరో 45. మొత్తం 93 రూపాయలు కట్టాలంటే 1928లో పదిహేనున్నర బస్తాలు అమ్మితే సరిపోయేది. 1932లో 31 బస్తాలు అమ్మాలి. పొలం అదే, పంట అదే నూరు బస్తాలు. వాన తప్పలేదు, పురుగు పట్టలేదు, ఆయన దుబారా చేయలేదు. అయినా నూటికి పదిహేనున్నర బస్తాలు సరిపోయే చోట 31 కావలసి వచ్చాయి. అసలు సొమ్ము మాట సరేసరి: 67 బస్తాలతో తీరిపోయే 400 రూపాయలకు ఇప్పుడు 133 బస్తాలు కావాలి. ఒక్క పైసా కొత్త అప్పు చేయకుండానే ఆయన అప్పు రెట్టింపయింది.

‘రంగం నుంచి మనియార్డరు’ అనే పద్దు రెండు మూడు నెలలకోసారి కనిపిస్తుంది, గమనించారా? 1930 వేసవి తర్వాత అది లేదు. ఆ ఏడాది మే నెలలో రంగంలో, అంటే బర్మాలోని రంగూన్ ఓడరేవులో మన తెలుగు కూలీలు సమ్మె చేశారు. వాళ్ల స్థానంలో బర్మీయులను పెట్టుకున్నారు. సమ్మె తీరి మనవాళ్లు మళ్లీ పనిలోకి వచ్చేసరికి గొడవ అల్లర్లుగా మారి వందమందికి పైగా చనిపోయారు. మీ ఇంటికి డబ్బు పంపిన మనిషికి ఏమైందో పుస్తకంలో లేదు. కానీ కుటుంబానికి రెండో రాబడి ఆగిపోయింది సరిగ్గా వడ్ల ధర జారడం మొదలైనప్పుడే. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

ఇక బంగారం. 1927 చట్టం ప్రకారం ప్రభుత్వం తులం బంగారాన్ని 21 రూపాయల 3 అణాల 10 పైలకు కొనేది. 1931 సెప్టెంబరు 21న బ్రిటన్ బంగారు ప్రమాణం (డబ్బుకు బదులు నిర్ణీత బంగారం ఇచ్చే పద్ధతి) వదిలేసింది. మన రూపాయిని 1 షిల్లింగ్ 6 పెన్నీల లెక్కన పౌండుకు కట్టేసి ఉంచారు కాబట్టి పౌండుతో పాటు అదీ బంగారం ముందు తగ్గింది, తులం ధర పైకి లేచింది. పట్నాల నుంచి కొనుగోలుదారుల మనుషులు పల్లెలకు దిగారు. ఇంటింటి నగలూ కరిగి కడ్డీలై బొంబాయి రేవు నుంచి లండన్‌కు ఓడలెక్కాయి. అప్పట్లో దీన్ని లాభసాటి అమ్మకమని మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. మీ నాయనమ్మగారి కాసులపేరుకు వచ్చింది 208 రూపాయలు. పాత ధరతో పోలిస్తే 40 దాకా లాభమే. అందులో 192 నాలుగేళ్ల వడ్డీ బకాయికి పోయింది, మిగిలిన 16 శిస్తులో కలిసింది. అసలు 400 కదలలేదు. ఆ తర్వాత తులం 30 దాటింది, కానీ అప్పటికి మెడలో ఏమీ లేదు.

బంగారం వాళ్లను కాపాడలేదని అనను. పొలం వేలానికి వెళ్లకుండా ఆపింది అదే. కానీ ఎందుకు ఆపగలిగింది? అది ఎవరి తాకట్టులోనూ లేదు కాబట్టి. మీరు ఇప్పుడు చేయబోతున్నది ఆ ఒక్క గుణాన్నే తీసిపారేయడం. తాకట్టులో ఉన్న నగ ఆపదలో మిమ్మల్ని ఆదుకోదు, మీరే దాన్ని ఆదుకోవాలి. పైగా బంగారం ఎప్పుడూ పైకే పోదు. 2012లో 10 గ్రాములు 31 వేల దరిదాపుల్లో కొన్నవాళ్లు 2015లో 26 వేలను చూశారు. ధర పడితే అప్పిచ్చినవాడు ఇంకొంత కట్టమంటాడు.

ఒక మాట అడగవచ్చా? 1932లో ఆ నగ తీసేటప్పుడు మీ నాయనమ్మగారిని అడిగారో లేదో పద్దులో లేదు. మీ ఉత్తరంలోనూ మీ ఆవిడ మాట ఎక్కడా కనబడలేదు.

భూమి గురించి క్లుప్తంగా చెబుతాను. ఏడాదికి 9 శాతమే అనుకున్నా 10 లక్షల మీద 90 వేల వడ్డీ. అర ఎకరం కౌలు అందులో ఏ మూలకీ రాదు. అన్నిటికన్నా విచిత్రం, మాంద్యం వస్తుందని నమ్మే మనిషి అప్పు చేసి భూమి కొనడం. మాంద్యంలో భూమి ధర పడుతుంది, అప్పు మాత్రం అలాగే ఉంటుంది. ఆ రోజుల్లో దిగువ బర్మాలో వడ్డీ వ్యాపారం చేసిన చెట్టియార్లను చూడండి. రైతులు బాకీలు కట్టలేక పొలాలు వదిలేస్తే, ప్రధానంగా వరి పండే జిల్లాల్లో వాళ్ల చేతి కింది భూమి 1930లో ఉన్న 6 శాతం నుంచి 1937 నాటికి 25 శాతానికి చేరింది. పేరుకు భూస్వాములయ్యారు. కానీ వాళ్లకు కావలసింది రొక్కం. ఆ పొలాలు కొనేవాడు లేడు. చివరికి యుద్ధం, ఆ తర్వాత బర్మా భూసంస్కరణలు ఆ ఆస్తినీ ఊడ్చేశాయి.

మ్యూచువల్ ఫండ్ల విషయంలో మీ భయాన్ని తీసిపారేయను. అమెరికా షేర్ల ధరలను చూపే డౌ జోన్స్ సూచీ 1929 సెప్టెంబరులో 381 ఉండి, 1932 జూలైలో 41కి పడింది. పాత అంకెను మళ్లీ చూసింది 1954లో. మధ్యలో వచ్చిన డివిడెండ్లు, తగ్గిన ధరలు లెక్కేస్తే నష్టం అంత కాలం సాగలేదనుకోండి, అయినా కడుపులో చేయిపెట్టి దేవినట్టుండే అంకెలవి. కాబట్టి ఒక్కటే అడుగుతాను. ఈ 14 లక్షలు 7 లక్షలైతే మీ ఇల్లు గడవడం ఆగుతుందా? పింఛను ఉంది కాబట్టి ఆగదు. అలాంటప్పుడు ఈ డబ్బును పదేళ్లు వదిలేయవచ్చు. నిద్ర పట్టదంటారా, సగం డెట్ ఫండ్‌లోకి (షేర్లలో కాక బాండ్లలో పెట్టే ఫండ్) మార్చుకోండి. అంతకు మించి ఏమీ చేయవద్దు.

మీరు గమనించని సంగతి, ఆ కాలపు మనుషుల్లో మీరు మీ తాతగారి లాంటివారు కారు, ఆయనకు చీటీలు రాసిచ్చిన తాలూకా గుమాస్తా లాంటివారు. సర్కారు నెల జీతగాళ్లకు 1931 చివర్లో 10 శాతం కోత పడింది. గోల చేశారు. కానీ బియ్యం, బట్ట అంతకంటే ఎక్కువ చవకయ్యాయి. టాకీలు, అంటే మాటల సినిమాలు, ఊరూరా ఆడిందీ ఆ రోజుల్లోనే. 1934లో మీ తాతగారు కూడా ‘కాకినాడలో టాకీ, పావలా’ అని రాసుకున్నారు. పక్కన మీరు పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టారు. ఆ పావలా గురించి ఆయన్ను ఏమీ అనకండి.

ఇప్పుడు అసలు విషయం. మీ ఇంట్లో ప్రోనోటు రాసిన మనిషి మీ అబ్బాయి. ఉత్తరం చివర ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. 62 లక్షలకు ఇరవై ఏళ్ల గడువైతే, ఎనిమిదిన్నర శాతం మీద నెలకు 54 వేల వాయిదా. రాబడి మీద ఎవరికీ పట్టు ఉండదు, వాయిదా మాత్రం తేదీ తప్పదు. రంగం మనియార్డరు ఆగినట్టు అతని జీతం ఆరు నెలలు ఆగితే, దెబ్బ మొదట తగిలేది అక్కడే, ఆ తర్వాత మీకు.

అతనికి మీ తాతగారికి లేని వెసులుబాటు ఒకటుంది. ఇప్పటి ఇంటి అప్పుల్లో ఎక్కువ భాగం మారే వడ్డీవే. కష్టకాలంలో రిజర్వు బ్యాంకు వడ్డీ తగ్గిస్తే ఆ మేరకు భారం తగ్గుతుంది. 2020 మార్చి, మే నెలల్లో రెపో రేటు (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే వడ్డీ) 5.15 నుంచి 4 శాతానికి దిగింది, వాయిదాలకు కొంత విరామమూ ఇచ్చారు. అయితే ఉద్యోగమే లేనివాడికి తగ్గిన వాయిదా కూడా వాయిదానే. అందుకని మీ 22 లక్షలను ఇలా విడదీయండి. ఏడాది వాయిదాలకు సరిపడా ఆరున్నర లక్షలు మీ పేరు, అబ్బాయి పేరు కలిపి ఒక జాతీయ బ్యాంకులో, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకునేలా ఉంచండి. దాన్ని ఇప్పుడే అప్పులో జమ కట్టేయాలని అబ్బాయి అడగవచ్చు. మారే వడ్డీ అప్పుకు ముందస్తు చెల్లింపు రుసుము లేదు కాబట్టి ఆశ పుడుతుంది. వద్దనండి. జమ చేసిన డబ్బు తిరిగి రాదు, ఉద్యోగం పోయిన నెల బ్యాంకు మళ్లీ 54 వేలు అడుగుతుంది. సహకార బ్యాంకులో నాలుగున్నర లక్షలకు మించి ఉంచకండి, ఎందుకంటే డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక మనిషికి వడ్డీతో కలిపి 5 లక్షల వరకే. ఈ మాత్రం బీమా అయినా మీ తాతగారి తరానికి లేదు, మన దేశంలో అది 1962లో 1,500 రూపాయలతో మొదలైంది. మిగిలిన 11 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో వేయండి, అక్కడ పరిమితి 30 లక్షలు. గడువుకు ముందే తీస్తే కొంత వడ్డీ పోతుంది, కాబట్టి డిపాజిట్లు తీరే కొద్దీ మార్చండి. అబ్బాయికి అప్పు మొత్తానికి సరిపడే టర్మ్ బీమా ఉందో లేదో ఈ ఆదివారం ఫోను చేసినప్పుడు అడగండి. నగలు ఎక్కడున్నాయో అక్కడే ఉండనివ్వండి.

చివరగా ఒక స్వార్థం. 1938లో రాజాజీ మంత్రివర్గం మద్రాసు రాష్ట్రంలో రైతుల రుణ ఉపశమన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని రద్దు చేసింది. అసలుకు రెట్టింపు ఎప్పుడో కట్టేసి ఉంటే అప్పే తీరినట్టు లెక్క. మీ తాతగారి 400 ఈ చట్టం కిందికి రావాలి. మీరు పంపిన ఫొటోలు 1936తో ఆగిపోయాయి. తర్వాతి పుటలు చెదలు తినకుండా ఉంటే పంపండి, ఆ ప్రోనోటు చివరికి చింపేశారో లేదో చూడాలని ఉంది.