స్టెంట్ వేయించుకుని ఇంటికి వచ్చిన తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి,

నిన్న ఫోనులో నీ గొంతు విన్నప్పుడు సంతోషంతో పాటు కొంత భయమూ కలిగింది. "చీమ కుట్టినంత గాయం అన్నయ్యా, రేపటి నుంచి నా పనులు నేనే చేసుకుంటాను" అన్నావు. ధమని గుండా సన్నని గొట్టం పంపి, గుండె రక్తనాళంలో స్టెంట్ అనే లోహపు జాలీ గొట్టాన్ని అమర్చే ఈ చికిత్స తర్వాత ఇంటి దగ్గర ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఆ చీమ కుట్టినంత గాయమే. చర్మం మీద కనిపించేది చిన్న గాటే కావచ్చు గాని, దాని కింద రంధ్రం పడింది గుండె తోసే ఒత్తిడితో రక్తం పరుగెత్తే ధమనికి. పై చర్మం రెండు మూడు రోజుల్లో అతుక్కుంటుంది. లోపలిది గట్టిపడడానికి వారం దాకా పట్టవచ్చు. పైగా నువ్వు వేసుకుంటున్న మాత్రలు రక్తాన్ని తొందరగా గడ్డకట్టనివ్వవు.

1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ వైద్యుడు తన చేతి నుంచే గొట్టాన్ని గుండెదాకా పంపుకుని, దానితోనే ఎక్స్‌రే గదికి నడిచి వెళ్ళాడని నువ్వే ఒకసారి నాకు చెప్పావు. నిజమే, కానీ ఆయన ఎంచుకున్నది ఒత్తిడి తక్కువగా ఉండే సిర. నీకు గుచ్చింది గజ్జలోని పెద్ద ధమని.

నాకు మొదటిసారి చేసినప్పుడు కూడా గజ్జ నుంచే చేశారు. మూడో రోజు నిండు బకెట్ ఎత్తాను. ఎవరూ ఎత్తమనలేదు, నా తొందరే. గజ్జలో వెచ్చగా ఏదో పాకినట్లయింది, చూస్తూండగానే నిమ్మకాయంత వాపు లేచింది. మీ వదిన కంగారుపడకుండా నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, గాటుకు కొంచెం పైభాగాన అరచేత్తో గట్టిగా నొక్కిపట్టింది. సూది ఏటవాలుగా లోపలికి పోతుంది గనుక ధమనికి పడిన రంధ్రం చర్మం మీది గాటు కన్నా పైన ఉంటుందని ఆసుపత్రిలో నర్సు చెప్పిన మాట ఆమెకు గుర్తుంది, నాకు లేదు. మధ్యమధ్య చెయ్యి తీసి చూడకుండా పది నిమిషాలు అలాగే నొక్కాలి. రక్తం చిమ్ముతున్నా, పది నిమిషాలకు ఆగకపోయినా, వాపు పెరుగుతున్నా, నొక్కిన చెయ్యి తీయకుండానే అంబులెన్స్‌ను పిలిపించాలి. ఆగినా సరే, నేను వెళ్ళినట్లే అదే రోజు వైద్యుడికి చూపించుకోవాలి.

కాబట్టి ఈ వారమంతా అయిదు కిలోలకు మించి ఏదీ ఎత్తకు, గొంతుక్కూర్చోకు, మెట్లు తప్పనిసరైతే నిదానంగా ఎక్కు. దగ్గు, తుమ్ము వచ్చినప్పుడు గాటు మీద చెయ్యి అదిమిపెట్టుకో. మలబద్ధకంతో ముక్కడం కూడా బరువెత్తడం లాంటిదే. సిగ్గుపడకుండా వైద్యుణ్ణి అడిగి మందు తెచ్చుకో. స్నానం పై నుంచి నీళ్ళు పోసుకుని చేయి, తొట్టిలోనో కొలనులోనో దిగవద్దు. రెండోసారి నాకు మణికట్టు నుంచి చేశారు. అది చాలా సుఖం, అయినా రెండు రోజులు ఆ చేతి మీద బరువు మోపనివ్వలేదు.

గాటు చుట్టూ కమిలి, ఆ నలుపు తొడ మీదికి జారి, తర్వాత పసుపురంగుకు తిరిగితే బెదిరిపోకు, అది మామూలే. బఠాణీ గింజంత గడ్డ తగలడమూ మామూలే. ఆ గడ్డ పెరిగినా, వేలికి నాడిలా కొట్టుకుంటున్నట్లు తగిలినా, కాలు చల్లబడినా, తిమ్మిరెక్కినా, జ్వరం వచ్చినా, గాటు ఎర్రబడి చీము కారినా ఆలస్యం చేయకు. ఛాతీలో నొప్పి గాని ఆయాసం గాని వస్తే మాత్రం ఫోను చేయవలసింది నాకు కాదు, అంబులెన్స్‌కు.

రక్తనాళాలు కనిపించడానికి ఎక్కించిన రంగు మందు మూత్రపిండాల ద్వారా బయటికి పోవాలి గనుక, నీళ్ళు తగ్గించమని వైద్యులు చెప్పి ఉండకపోతే కాస్త ఎక్కువగానే తాగు. నీ షుగరు మాత్రల్లో మెట్‌ఫార్మిన్ ఉంటే మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో అడిగి తెలుసుకో.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది నీ మాత్రల సంగతి. ఆరోగ్యం బాగుందనిపించగానే మందులు మానేసే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఆస్పిరిన్, దానితో పాటు ఇచ్చిన క్లోపిడోగ్రెల్ లాంటి మాత్ర, ఈ రెండూ స్టెంట్ లోపల రక్తం గడ్డకట్టకుండా కాపు కాస్తాయి. లోహపు జాలీ మీద కొత్త పొర పూర్తిగా ఏర్పడడానికి నెలలు పడుతుంది. అంతలో మానేస్తే అది ఉన్నట్టుండి మూసుకుపోయి గుండెపోటు రావచ్చు. రెండో మాత్రను చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా వాడమంటారు, నీకు ఎంతకాలమో నీ గుండె వైద్యుడే చెప్పాలి. పన్ను పీకించుకోవలసి వచ్చినా, దంతవైద్యుడు ఆపమన్నా, ముందు గుండె వైద్యుణ్ణే అడుగు. ఒంటినొప్పులకు ఇబుప్రొఫెన్ వంటివి నీ అంతట నువ్వు వేసుకోవద్దు. స్టెంట్ వివరాలున్న కార్డు ఎప్పుడూ జేబులో ఉంచుకో.

కొన్నాళ్ళు కారణం లేకుండా దిగులుగా ఉండవచ్చు, రాత్రిపూట గుండె చప్పుడు వింటూ పడుకోవచ్చు. నాకూ అలాగే అయింది, రోజూ కొద్దికొద్దిగా దూరం పెంచుతూ నడిచిన కొద్దీ తగ్గింది. చాలా వారాలైనా తగ్గకపోతే అదీ వైద్యుడితో చెప్పవలసిన విషయమే.

ఆదివారం ఫోను చేస్తాను. ఇంట్లో బకెట్లు ఎవరు మోస్తున్నారో ముందు మరదలినే అడుగుతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య