1/24 స్కేల్లో మన టాటా లారీ: చాసిస్ కొలత నుంచి చక్రం మీది దుమ్ము దాకా

ప్రశ్న: మన రోడ్ల మీద తిరిగిన పాత టాటా లారీని చెక్క తొట్టితో సహా 1/24 స్కేల్లో పూర్తి వివరంగా చేయాలనుంది. కిట్ ఎక్కడా కనబడలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం సామాను కావాలి, పని ఎక్కడ చెడుతుంది?

జిగురు మూత తీయకముందే నాలుగు సంగతులు కాగితం మీద పెట్టండి: ఏ మోడల్, ఏ కాలంది, ఏ జిల్లా నంబరు, ఖాళీ బండా లోడు బండా. మిగతావన్నీ వీటి వెంటే వస్తాయి. ఖాళీ లారీకి వెనక కమాను కట్టలు (ఆకుల స్ప్రింగులు) బాగా వంపు తిరిగి ఉంటాయి, తొట్టి వెనకవైపు లేచి ఉంటుంది, పైనున్న హెల్పర్ కట్ట బ్రాకెట్లకు తగలదు. లోడు పడితే కట్టలు చదునవుతాయి, హెల్పర్ కట్ట బ్రాకెట్లకు ఆనుతుంది, టైర్ల అడుగు కొంచెం ఒత్తుకుంటుంది. సగం పనయ్యాక లోడు పెడదామనిపిస్తే ఇరుసులు ఊడదీయాల్సిందే.

ఉదాహరణకు ఎల్‌పీటీ 1613 తీసుకుందాం. పేరులోనే చాలా సమాచారముంది: 16 అంటే సుమారు 16 టన్నుల మొత్తం బరువు, 13 అంటే 130 హార్స్ పవర్. పక్కన 42 అని ఉంటే వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 4.2 మీటర్లు. ఎల్‌పీటీ ముఖం చదునుగా ఉంటుంది, ఎస్ఈ రకం లారీకి ముక్కు ముందుకు పొడుచుకొస్తుంది. మొదటిసారి చేసేవాళ్లకు చదును ముఖమే మేలు, రేకు వంపులు తక్కువ.

ఇటలేరి, రెవెల్ కంపెనీల 1/24 కిట్లు ఎక్కువగా యూరప్ ట్రక్కులవి, ఏఎంటీవి 1/25లో అమెరికా ట్రక్కులు. వాటి చాసిస్ మీద మన క్యాబిన్ కూర్చోబెడదామని చాలామంది చూస్తారు. నా సలహా అయితే వద్దు. వాటికి ఉండేవి ట్యూబ్‌లెస్ 22.5 అంగుళాల చక్రాలు. మన పాత లారీలవి ట్యూబు వేసే 20 అంగుళాల రిమ్ములు, బయటికి కనబడే లాక్ రింగుతో. చక్రం తప్పితే పైన ఎంత పనిచేసినా అది మన లారీలా కనబడదు.

స్కేలు లెక్క తేలికే. 1/24 అంటే అడుగుకు అర అంగుళం, అంటే 12.7 మి.మీ. అంగుళానికి సుమారు 1.06 మి.మీ. బాడీ కట్టే మేస్త్రీలు అడుగులు, అంగుళాల్లోనే చెబుతారు కాబట్టి ఈ స్కేలు మనకు బాగా కలిసొస్తుంది. 17 అడుగుల తొట్టి 216 మి.మీ., 8 అడుగుల వెడల్పు 102 మి.మీ., 4225 మి.మీ. వీల్‌బేస్ 176 మి.మీ. అవుతుంది. మిగతా కొలతలకు టేపు పట్టుకుని వెళ్లండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట బాడీ షెడ్డులో ఉత్త చాసిస్ ఒక్కటి దొరికితే తొట్టి కింద దాగే క్రాస్ మెంబర్లు (అడ్డ పట్టీలు), బ్రేకు గొట్టాలు, గాలి ట్యాంకులు అన్నీ కనబడతాయి. అడిగి, అనుమతి తీసుకుని కొలవండి. ప్రతి ఫొటోలోనూ ఒక స్కేలు బద్ద పెట్టి తీయండి. పక్క నుంచి తీసేటప్పుడు దూరంగా నిలబడి జూమ్ చేయండి. దగ్గర నుంచి తీస్తే అంచులు సాగి కొలతలు తప్పుతాయి.

సామాను: స్టైరీన్ అనే ప్లాస్టిక్ షీటు 0.3, 0.5, 1 మి.మీ. మందాల్లో ఏ4 సైజువి రెండేసి, 3 మి.మీ. సన్‌బోర్డు ఒక ముక్క (అచ్చుల పెట్టెలకు, బేస్‌కు), 0.5 మి.మీ. చెక్క వెనీర్ (పల్చటి చెక్క పొర), కాఫీ కలిపే చెక్క పుల్లలు, 0.5, 0.8 మి.మీ. రాగి తీగ, పల్చటి స్టైరీన్ జిగురు, ఫెవిక్విక్, ఫెవికాల్, 400 నుంచి 1500 నంబరు వరకు నీళ్లతో రుద్దే గరుకు కాగితం. సన్‌బోర్డు పీవీసీ నురగ, దానికి స్టైరీన్ జిగురు పట్టదు. అక్కడ ఫెవిక్విక్ వాడాలి. దాన్నీ స్టైరీన్ జిగురుతోనే అతికిస్తే నాలుగు రోజులకే ఊడొస్తుంది.

చాసిస్ పట్టీ ఇంగ్లీషు సీ అక్షరం ఆకారంలో ఉంటుంది. మీరు కొలిచినప్పుడు 225 మి.మీ. ఎత్తు వచ్చిందనుకోండి, మోడల్లో 9.4 మి.మీ. అసలు ఇనుము మందం ఆరేడు మిల్లీమీటర్లు, స్కేల్లో 0.3 మి.మీ. కూడా రాదు. 1 మి.మీ. షీటుతో చేసిన చాసిస్ ఎప్పుడూ బొమ్మలాగే కనబడడానికి కారణం ఇదే. మధ్య పట్టీ 0.5 షీటుతో, పైన కింద రెక్కలు 0.3 షీటుతో చేయండి. రెండు పట్టీలనూ ఒకదానిపై ఒకటి డబుల్ సైడ్ టేపుతో అంటించి రంధ్రాలు ఒకేసారి తొలవండి, అప్పుడు క్రాస్ మెంబర్లు వంకర పోవు. కూర్పు గాజు పలక మీద, రెండు వైపులా ఇనుప కడ్డీలు ఆనించి చేయాలి. జిగురు పూర్తిగా ఆరడానికి ఒక రోజు వదిలేయండి. పైకి ఆరినట్టున్నా లోపల స్టైరీన్ మెత్తగానే ఉంటుంది. అప్పుడే ఎత్తితే మెలి తిరుగుతుంది, ఆ తర్వాత ఆరు చక్రాలూ ఒకేసారి నేలకు ఆనవు.

రివెట్ తలలకు 0.3 షీటు నుంచి 1 మి.మీ. బిళ్లలు పంచ్ చేసి సూది మొనతో ఎత్తి పెట్టండి. ముందు పెన్సిల్ గీత, దాని మీద సూదితో చుక్కలు, ఆ తర్వాతే బిళ్ల. వరసలో ఒక్కటి పక్కకు జరిగినా రంగు పడ్డాక కంటికి గుచ్చుకుంటుంది. కమాను ఆకులకు 0.5 షీటును 3 మి.మీ. వెడల్పు పట్టీలుగా కోసి, ఒక్కోదాన్ని పైదానికంటే పొట్టిగా చేసి, వంపుకు తగ్గట్టు కోసిన చెక్క అచ్చు మీద అతికించండి. చదునుగా అతికించి తర్వాత వంచితే పొరలు విడిపోతాయి. చివర్లు నున్నగా కత్తిరించిన ఆకులకు యూ బోల్టులుగా 0.8 రాగి తీగ సరిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ సమయం చక్రాలకు ఇవ్వండి. చూసేవాళ్ల కన్ను ముందు అక్కడికే పోతుంది. 10.00-20 టైరు బయటి వ్యాసం సుమారు 1050 మి.మీ., మోడల్లో 44. వెడల్పు సుమారు 11.6 మి.మీ. వెనక జంట టైర్ల మధ్య దూరం, మధ్య నుంచి మధ్యకు, అసల్లో 320 మి.మీ. దగ్గర, మోడల్లో 13.3. అంటే రెండు టైర్ల నడుమ మిగిలే సందు రెండు మిల్లీమీటర్ల లోపే. ఆ సందు లేకుండా అంటిస్తే రెండూ కలిసి ఒకే లావు టైరులా కనబడతాయి.

ముందు టైర్లకు చుట్టూ నిలువు గాడులుండే రిబ్ నమూనా, వెనక వాటికి అడ్డ దిమ్మెల లగ్ నమూనా. రెండు మాస్టర్లు (అచ్చు తీయడానికి అసలు నమూనాలు) చేయాలి. 1 మి.మీ. స్టైరీన్ బిళ్లలు పన్నెండు పేర్చి అతికించి, మధ్యలో బోల్టు వేసి డ్రిల్లుకు తగిలించి, తిరుగుతుండగా గీసి గుండ్రం తేవచ్చు. తక్కువ వేగంలోనే తిప్పండి, స్టైరీన్ వేడెక్కితే కరుగుతుంది. రిబ్ గాడులు అలాగే తిప్పుతూ సన్నని ఆకురాయితో పెట్టండి, లగ్ దిమ్మెలు చిన్న ముక్కలుగా అంటించండి. తర్వాత సిలికాన్ రబ్బరు అచ్చు. రెండు అచ్చులకు 200 గ్రాములు చాలు. హార్డెనర్ డబ్బా మీద ఉన్న పాళ్లలోనే కలపండి, త్వరగా గట్టిపడాలని ఎక్కువ వేస్తే అచ్చు పెళుసై మూడో టైరుకే చిరుగుతుంది. ఎత్తు నుంచి సన్నని ధారగా, ఒక మూల నుంచి పోస్తే బుడగలు పగిలిపోతాయి. స్టెప్నీతో కలిపి ఏడు టైర్లకు పాలీయురేథేన్ రెజిన్ 100 మి.లీ. దాకా పడుతుంది, వృథా కలుపుకుని 200 కొనండి. ఈ రెజిన్‌కు తేమ పడదు. వానాకాలంలో, అందులోనూ కోస్తాలో, మూత తీసి ఉంచిన సీసా నుంచి పోస్తే నురగ కట్టి టైరు నిండా సూది బెజ్జాలు వస్తాయి. పొడి గదిలో పోసి, వెంటనే మూత బిగించండి.

రిమ్ము ముఖం ముందు చక్రానికి బయటికి ఉబ్బి ఉంటుంది, వెనక బయటి చక్రానికి లోపలికి కుంగి ఉంటుంది. అదే రిమ్మును తిరగేసి బిగిస్తారు. అందుకని రెండు ముఖాలూ చేయాలి. చక్రం నట్లు మీ ఫొటోలో ఎన్నున్నాయో లెక్కపెట్టి, 1.3 మి.మీ. ఆరు పలకల స్టైరీన్ కడ్డీని బిళ్లలుగా కోసి పెట్టండి. కిట్ల నుంచి తీసిన మెత్తటి వినైల్ టైర్లు వాడితే మాత్రం ఒక జాగ్రత్త: వాటిలోని నూనె పదార్థం ఏళ్ల మీద స్టైరీన్ రిమ్మును కరిగించేస్తుంది. టైరు ఆనే చోట రిమ్ముకు అక్రిలిక్ రంగు రెండు పూతలు వేయండి.

క్యాబిన్ దగ్గర ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పాత లారీలు చాలావరకు ఫ్యాక్టరీ నుంచి కౌల్‌తో, అంటే ముందు ముఖం రేకుతో మాత్రమే వచ్చేవి. వెనక క్యాబినూ తొట్టీ బాడీ షెడ్డులో కట్టేవారు. కాబట్టి గ్రిల్లు, హెడ్‌లైట్ల కొలతలు ఏ బండి నుంచి తీసుకున్నా సరిపోతాయి, తలుపులు, కిటికీలు, టాప్ క్యారియర్ మాత్రం మీరు ఎంచుకున్న ఒక్క బండి నుంచే తీసుకోవాలి. రెండు షెడ్ల పని కలిపితే తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. రేకు అంచులను లోపలివైపు నుంచి ఏటవాలుగా గీకి, బయటికి కనబడే అంచు పల్చగా ఉండేలా చేయండి. అద్దాలకు ఓహెచ్‌పీ షీటు (పారదర్శక ప్లాస్టిక్) చాలు, కానీ ఫెవిక్విక్‌తో అంటిస్తే దాని ఆవిరికి అద్దం తెల్లబారిపోతుంది. ఫెవికాల్ వాడండి.

తొట్టికి నిజం చెక్కే వాడండి. అంగుళం మందం పలక మోడల్లో 1 మి.మీ. పైచిలుకు. ఐస్‌క్రీం పుల్ల దానికి రెట్టింపు మందం, గీకి సగం చేయాలి. కాఫీ పుల్లలు దాదాపు సరిపోతాయి. టేకు వెనీర్ అందంగా ఉంటుంది గానీ దాని రేఖలు 1/24కు మరీ పెద్దవి. సన్నని రేఖలున్న తెల్ల చెక్క తెచ్చి మరక పూత వేసుకోవడం మంచిది. ఆ పూత అతికించకముందే వేయండి. ఫెవికాల్ అంటిన చోట అది పీల్చుకోదు, తెల్ల మచ్చలు మిగిలిపోతాయి. వెనక డోరు బందులు, కొక్కేలు, గొలుసులు తొట్టి పూర్తయ్యాకే.

రంగు వేసేముందు ప్రతి ముక్కనూ గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టండి, వేలి జిడ్డు, అచ్చు నూనె ఉంటే ప్రైమరు పొరలా లేచొస్తుంది. మెకానిక్ షెడ్డులో వాడే డ్యూకో రంగు నేరుగా స్టైరీన్ మీద కొడితే దాని థిన్నరు ప్లాస్టిక్‌ను తినేసి సన్న పగుళ్లు తెస్తుంది. ముందు గ్రే ప్రైమరు, దాని మీద మంచులా పల్చటి పూతలు మూడు నాలుగు. అడుగున లాకర్ (డ్యూకో లాంటి రంగు), పైన అక్రిలిక్ లేదా ఎనామెల్, ఆ వరస తిరగబడకూడదు. ఎయిర్‌బ్రష్‌కు 0.3 నాజిల్, 15 నుంచి 20 పీఎస్ఐ. వాన రోజు లాకర్ కొడితే తెల్లగా మసకబారుతుంది, నెమ్మదిగా ఆరనిచ్చే రిటార్డర్ థిన్నర్ కలిపితే తగ్గుతుంది.

ఏ రంగు వేయాలో కూడా కాలమే చెబుతుంది. నేషనల్ పర్మిట్ లారీలకు నియమాల్లో ఎండుటాకు గోధుమ రంగు, తెల్ల అంచు ఉండేవి. నంబరు ప్లేటు పసుపు మీద నలుపు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కృష్ణా బండికి ఏపీ 16, గుంటూరుకు 07, కర్నూలుకు 21, వరంగల్‌కు 36 ఉండేవి. జెడ్ సిరీస్ ఆర్టీసీ బస్సులది, లారీకి వేయకండి. తెలంగాణలో 2014 జూన్ నుంచి 2024 మార్చి దాకా రిజిస్టరైన బండికి టీఎస్ వచ్చేది, ఆ తర్వాత టీజీ. అక్షరాల దగ్గర చాలామంది ఇబ్బంది పడతారు. ఇంటి ప్రింటరు తెలుపు అచ్చు వేయదు, అందువల్ల పారదర్శక డెకాల్ కాగితం (నీళ్లలో ముంచి అంటించే స్టిక్కరు) మీద ముద్రించిన పసుపు అక్షరం ముదురు రంగు మీద కనబడకుండా పోతుంది. తెల్ల డెకాల్ కాగితం తీసుకుని వెనక రంగుతో సహా ముద్రించండి. ఇంక్‌జెట్ అయితే నీళ్లలో ముంచకముందు క్లియర్ లాకర్ రెండు పూతలు తప్పనిసరి. వెనక డోరు మీది "సౌండ్ హార్న్", క్యాబిన్ నుదుటి మీది దేవుడి పేరు మాత్రం 000 కుంచెతో చేత్తో రాయండి. అసలు బండి మీద కూడా పెయింటరు చేత్తోనే రాశాడు, ఆ చిన్న హెచ్చుతగ్గులు ప్రింటులో రావు.

లైట్లు కావాలంటే 0603 సైజు ఎల్ఈడీలు, 5 వోల్టులకు ఒక్కోదానికి 470 ఓమ్ రెసిస్టర్. హెడ్‌లైటు డబ్బా లోపల నలుపు, దానిమీద వెండి రంగు వేయకపోతే వెలుగు స్టైరీన్ గుండా క్యాబిన్ రేకంతా పారుతుంది.

దుమ్ము ఆ బండి చేసే పనిని బట్టి. చీమకుర్తి గ్రానైట్ బండికి తెల్లని రాతి పొడి, సింగరేణి బండికి బొగ్గు మసి తొట్టి అంచుల మీద, గుంటూరు మిర్చి బండి చక్రాల మీద నల్లరేగడి. నేల నుంచి తెచ్చిన మట్టి అలాగే చల్లకండి. 0.1 మి.మీ. రేణువు కూడా ఈ స్కేల్లో 2.4 మి.మీ. గులకరాయి. మట్టిని నీళ్లలో కలిపి, గరుకు అడుగున తేరాక పైన ఉన్న బురద నీటిని వేరే గిన్నెలోకి వంచి ఆరబెడితే మెత్తని పొడి దొరుకుతుంది. మడ్‌గార్డుల లోపల, కమాను కట్టల మీద ఎక్కువ, క్యాబిన్ టాప్ మీద తక్కువ. డీజిల్ ట్యాంకు మూత కింద మాత్రం దుమ్ము నూనెతో తడిసి నల్లగా, కొంచెం మెరుస్తూ కారి ఉంటుంది. అక్కడ ముదురు గోధుమ ఆయిల్ రంగు ఒక చుక్క పెట్టి, థిన్నరులో తడిపిన కుంచెతో కిందికి ఒకేసారి లాగండి.

లోడు మీద కప్పే పట్టాకు టిష్యూ కాగితం, సగం నీళ్లు కలిపిన ఫెవికాల్. మోకుకు 0.8 మి.మీ. దారం, నూగు లేవకుండా అదే ఫెవికాల్ నీళ్లు వేళ్లతో రుద్దండి. పూర్తయ్యాక అక్రిలిక్ పెట్టెలో, ఎండ తగలని చోట పెట్టండి. పెట్టె బేస్ మీద ఇరుసుల కింద చిన్న దిమ్మెలు ఆనించి బరువు టైర్ల మీద పడకుండా చేయండి. పెట్టెకు కింద రెండు చిన్న గాలి రంధ్రాలు ఉంచండి. పూర్తిగా మూసేస్తే లోపల చేరిన తేమకు చెక్క పలకలు వంగి, తొట్టి మూలలు విడిపోతాయి.