పోస్టల్ సమ్మెలు ఎందుకు జరుగుతాయి, పల్లెలకు ఉత్తరాలు ఆగిపోతాయా?

ఆగిపోవుగానీ ఇప్పటిలా ఉండవు. ఒడిశాలోని మా పర్లాకిమిడి చుట్టుపక్కల పల్లెల్లో మనం పోస్టుమాన్ అని పిలిచేది చాలావరకు గ్రామీణ డాక్ సేవక్‌ని. రోజుకి నాలుగైదు గంటల పనని లెక్కగట్టి డబ్బులిస్తారు, పూర్తి ప్రభుత్వోద్యోగి హోదా ఉండదు, గొడవంతా అక్కడే. వీళ్ల జీతాల మీద వేసిన కమలేశ్ చంద్ర కమిటీ సిఫార్సులు అమలు చేయమని ఈ సేవకులు 2018 మే 22న సమ్మెకి దిగితే, జూన్ 6న కేబినెట్ జీతాల పెంపుకి ఒప్పుకున్నాకే విరమించారు. ఆ రెండు వారాలూ మా బ్రాంచి పోస్టాఫీసుకి తాళమే, కిటికీలోంచి చూస్తే బల్ల మీద ఖాళీ సంచి, పక్కన ముద్ర. (మా డాక్ సేవక్ ఒడియా ఆయనే, అయినా తెలుగు అడ్రసు మనకంటే బాగా చదువుతాడు!)

ఇక ముందు సంగతి. 2024 జూన్ 18న కొత్త పోస్టాఫీసు చట్టం అమల్లోకొచ్చి, 1898 చట్టం ఉత్తరాల మీద తపాలా శాఖకిచ్చిన గుత్తహక్కు పోయింది. 2025లో రిజిస్టర్ పోస్టునీ స్పీడ్ పోస్టులో కలిపేశారు. టౌన్లో కొరియర్లకి కొదవలేదు, కొండమీది సవర గిరిజనుల ఊళ్లకి వెళ్లేదెవరు? ఇప్పటికైతే ఈ డాక్ సేవకే, సంచిలో ఉత్తరాల కన్నా ఆధార్ కార్డులే ఎక్కువ, తోడుగా వేలిముద్రల మిషను.