బేతాళ కథల్లో ‘నడవసాగాడు’, ‘చెప్పకపోయావో’

సందేహం: చిన్నప్పటి ‘చందమామ’ బేతాళ కథలు ఇన్నేళ్ళకు మళ్ళీ చదువుతుంటే రెండు చోట్ల ఆగిపోతున్నాను. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని శ్మశానం కేసి ‘నడవసాగాడు’. మాటల్లో మనం అలా అనం కదా, ఇది గ్రాంథికమా? పిల్లలకు చదివి వినిపించేటప్పుడు ‘నడిచాడు’ అని మార్చవచ్చా? బేతాళుడు జరగబోయేదానికి ‘చెప్పకపోయావో’ అని భూతకాలం వాడటమేమిటి?

సమాధానం: గ్రాంథికం కాదు. గ్రాంథికమైతే ‘నడవసాగెను’ అనేవారు. 1952 నుంచి 1980 దాకా కొడవటిగంటి కుటుంబరావు చేతిమీదుగా వచ్చిన ‘చందమామ’ వచనం వ్యావహారికమే. కాకపోతే ఈ రూపం కథనానికే పరిమితం, సంభాషణల్లోకి రాదు.

‘నడవ’ తుమర్థకం, అంటే ‘నడవడానికి’ అనే అర్థమిచ్చే రూపం, దానికి ‘సాగు’ చేరింది. పని మొదలైందనీ, ఇంకా నడుస్తూనే ఉందనీ ఒక్క మాటలో చెబుతుంది. ‘నడిచాడు’ అంటే నడక ముగిసింది, రాజు శ్మశానం చేరినట్టే. ఇక బేతాళుడు కథ చెప్పేదెప్పుడు? ‘నడుస్తున్నాడు’ అంటే మొదలు పోతుంది. మార్చాలనుకుంటే ‘నడవడం మొదలుపెట్టాడు’ అనండి. నన్నడిగితే మార్చనక్కర్లేదు, పిల్లలు రెండో కథకే పట్టేస్తారు.

కావ్యాల్లో ఈ పని ‘తొడగు’, ‘చొచ్చు’ చేసేవి. తుమర్థకం ద్రుతాంతం, అంటే దాని చివర ఒక నకారం ఉంటుంది, కనుక తర్వాతి పరుషం (క, చ, ట, త, ప) సరళం (గ, జ, డ, ద, బ) అవుతుంది: నడవఁదొడఁగె, నడవఁజొచ్చె. అచ్చు వస్తే ఆ నకారమే పైకి తేలుతుంది: నడవనారంభించె. ‘సాగు’లోని సకారం పరుషాల్లో లేదు కాబట్టి మారదు. అన్నట్టు, ‘నడవ సాగాడు’ అని విడదీసి రాయకండి.

అన్ని క్రియలకూ ఇది అతకదు. ఒక్క టపాకాయ ‘పేలసాగింది’ అనలేం, వరసగా అయితే ‘పేలసాగాయి’. వ్యతిరేకంలోనూ పొసగదు: ‘నడవసాగలేదు’ అని ఎవరూ రాయరు.

ఇక ‘చెప్పకపోయావో’. రూపం భూతకాలానిదే, అర్థం ‘చెప్పకపోతే’ అనే. చివరి ఓకారం దాన్ని షరతుగా మార్చింది. ‘చెప్పకపోతే’ మామూలు షరతు. ఓకారంతో ఫలితం తప్పదన్న బెదిరింపు తోడవుతుంది. ‘కదిలావో, కాళ్ళు విరగ్గొడతా’ అని ఇళ్ళల్లో ఇప్పటికీ వినిపించేది ఇదే. పెద్దవాళ్ళతో ‘మీరు రాకపోయారో’ అంటే పిలుపు కాస్తా హెచ్చరిక అయిపోతుంది, అక్కడ ‘రాకపోతే’ అనడమే మర్యాద. ‘వచ్చాడో లేదో’లో ఉన్న సందేహార్థక ఓకారం వేరు, దానికి సాధారణంగా జంట మాట గాని, ‘తెలియదు’ వంటి క్రియ గాని తోడుంటుంది. బెదిరింపు ఓకారానికి ఆ తోడు అక్కర్లేదు, ఫలితం చెప్పకుండా ‘కదిలావో...’ అని ఆపినా భయం పుడుతుంది. చదివి వినిపించేటప్పుడు ఓకారాన్ని కాస్త సాగదీసి, చిన్న విరామమిచ్చి, ఆ తర్వాతే తల పగిలే సంగతి చెప్పండి.