ఆ ఖాళీ గడి జోలికి పోకు

చి. బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

ఆఫీసులో హెడ్‌కౌంట్ రిపోర్టు, అదే ఏ రోజుకి ఎంతమంది పనిలో ఉన్నారన్న లెక్క, పవర్ బీఐలో (డేటాను చార్టులుగా చూపించే సాఫ్ట్‌వేర్‌లో) నువ్వే చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను, ఆ వెంటనే గుబులూ పట్టుకుంది. ఈ అంకె తప్పయితే ఎర్రర్ రాదు తల్లీ, నిజంలాగే తెర మీద కూర్చుంటుంది.

రోజుకో వరస ఉండే క్యాలెండర్ టేబుల్ విడిగా పెట్టు, డేట్ టేబుల్‌గా మార్క్ చెయ్యి. తేదీల వెనక గంటలు, నిమిషాలు ఉంటే డేటాను శుభ్రం చేసే పవర్ క్వెరీలోనే తీసెయ్. చేరిన తేదీ, మానేసిన తేదీ రెండింటినీ క్యాలెండర్‌కి కలుపు, కానీ రెండూ చుక్కల గీతలుగానే, అంటే యాక్టివ్ కాని సంబంధాలుగానే ఉండనీ. చేరిన తేదీ గీత యాక్టివ్‌గా ఉంటే, మార్చి నొక్కగానే మార్చిలో చేరినవాళ్లే మిగులుతారు. చేరికలకీ, మానేసినవాళ్లకీ యూజ్‌రిలేషన్‌షిప్ వాడు, అది ఆ ఒక్క లెక్క కోసం చుక్కల గీతను మేల్కొలిపే ఫంక్షన్. హెడ్‌కౌంట్‌కి ఏ గీతా అక్కర్లేదు. ఎంచుకున్న కాలంలో చివరి రోజును వేరియబుల్‌లో పట్టుకుని, ఆ రోజుకల్లా చేరి, ఆ రోజు దాటాక మానేసినవాళ్లను లెక్కపెట్టడమే.

గొయ్యి ఉన్నది ఇక్కడే. ఇంకా పనిలో ఉన్నవాళ్లకి మానేసిన తేదీ ఖాళీ. పోల్చేటప్పుడు డాక్స్ (పవర్ బీఐ ఫార్ములాల భాష) ఆ ఖాళీని సున్నాగా, అంటే 1899 డిసెంబరు 30గా తీసుకుంటుంది. ఉద్యోగంలో ఉన్నవాళ్లంతా మన ముత్తాతల కాలంలోనే మానేసినట్టు! చార్టులో గీత ఈ నెలకి వచ్చేసరికి సున్నాకి జారిపోతుంది. అది చూసి కంగారుపడి చాలామంది ఖాళీల్లో 9999 డిసెంబరు 31 నింపేస్తారు. అంకె చక్కబడుతుంది, జబ్బు లోపలికి పోతుంది. ఆ కాలమ్‌ను క్యాలెండర్‌కి కలపకుండా, తేదీల కాలమ్‌లకి తనంతట తానే క్యాలెండర్ కట్టే ఆటో డేట్/టైమ్ సెట్టింగు ఆన్‌లో ఉంచితే, ఆ ఒక్కదాని కోసం 9999 దాకా దాపుడు క్యాలెండర్ పుడుతుంది: దాదాపు ఎనిమిది వేల ఏళ్లు, సుమారు 29 లక్షల వరసలు. డేటాలోని తేదీలు చూసి క్యాలెండర్ కట్టే క్యాలెండర్‌ఆటో ఫంక్షన్ వాడినా అంతే. ఫైలు ఉబ్బుతుంది, సగటు సర్వీసు వేల ఏళ్లని చూపిస్తుంది. అందుకే ఆ గడి జోలికి పోకు. ఆటో డేట్/టైమ్ ఆపెయ్. షరతులో "చివరి రోజు కంటే పెద్దది, లేదా ఈజ్‌బ్లాంక్ (ఖాళీగా ఉంది)" అని రాయి, చాలు.

మరొకటి. మార్చి 31న మానేసినవాడు ఆ రోజు లెక్కలో ఉన్నట్టా, లేనట్టా? హెచ్ఆర్‌ని అడిగి, జవాబు రాతలో తీసుకో. ఉన్నట్టే అని "పెద్దది లేదా సమానం" పెట్టావనుకో, మార్చి ముగింపులోనూ ఉంటాడు, మార్చిలో మానేసినవాళ్లలోనూ ఉంటాడు. ఆరంభం, కూడిక చేరికలు, తీసివేత మానేసినవాళ్లు అంటే ముగింపు రావాలి కదా. ఈ నెల ఆఖరి రోజు వెళ్లినవాళ్లకీ, పోయిన నెల ఆఖరి రోజు వెళ్లినవాళ్లకీ ఎంత తేడా ఉంటే సరిగ్గా అంత తేడా వస్తుంది. నెలాఖరున వెళ్లేవాళ్లే ఎక్కువ మరి. అలాంటప్పుడు మానేసినవాళ్లను మర్నాటి తేదీతో లెక్కెయ్. మానేసి తిరిగి చేరినవాళ్లకి రెండు వరసలుంటాయి, కాబట్టి ఐడీ మీద డిస్టింక్ట్‌కౌంట్ వాడు, అది ఒక్కో ఐడీని ఒక్కసారే లెక్కపెడుతుంది.

నిద్ర మానుకుని చెయ్యకు. పన్నెండు నెలలకీ ఆ కూడిక వేసి, ఏ నెల తేడా వచ్చిందో ఫోన్ చెయ్యి. రాత్రి పది దాటితే మాత్రం పొద్దున్నే చెయ్యి.

మీ మామయ్య