వెదురు విల్లు ఒకవైపే వంగుతోంది, ఎక్కడ గీకాలి?

“మొదటిసారి వెదురుతో విల్లు చేస్తున్నాను. లాగితే పై సగం బాగా వంగుతోంది, కింది సగం కదలడం లేదు. పాడైపోయినట్టేనా?” అని ఒకరు అడిగారు.

పాడవలేదు. వంగే చోట మాత్రం ఇక చెయ్యి పెట్టకండి. వంగని చోటే గీకాలి, అదీ లోపలి వైపు. బయటి పచ్చ పెచ్చు మీద కత్తి తగిలిందా, లాగినప్పుడు చీలిక అక్కడే మొదలవుతుంది. కణుపులు ఎత్తుగా ఉన్నాయని బయటినుంచి నున్నగా చెక్కేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పోయిన సంక్రాంతికి అత్తగారింటి డాబా మీద ఇదే పని పెట్టుకున్నాను. రీపర్ ముక్కకు గాట్లు కొట్టి, పైన విల్లు ఆనించి, తాడును ఒక్కో గాటుకు దించుతున్నాం. వెనకాల కిటికీ గ్రిల్. ఆ అడ్డకమ్మీలే నాకు గ్రాఫ్ కాగితం: రెండు కొసలూ ఒకే కమ్మీ దగ్గరికి దిగుతున్నాయా లేదా ఫోన్లో ఫొటో తీస్తే ఇట్టే తెలుస్తుంది. మా బామ్మర్ది మాత్రం “బావా, ఒక్కసారి పూర్తిగా లాగి ఫొటో దిగుతా” అని ఒకటే గొడవ. ఇవ్వలేదు. అలిగి కిందికి పోయాడు. పక్కింటాయన గోడ మీంచి తొంగిచూసి “దసరా అయిపోయింది కదండీ!” అన్నాడు.

ఫొటోలో కింది కొస రెండు వేళ్ల ఎత్తున ఆగిపోయింది. అందరి చూపూ కొస మీదికే పోతుంది కానీ అసలు బిగువు పిడికి జానెడు దూరంలో, ఒక కణుపు పక్కన ఉంది. పెన్సిల్‌తో గుర్తు పెట్టి, పగిలిన గాజు పెంకుతో లోపల గీకాను. ఆకురాయి తొందరపడుతుంది, గాజు పెంకు పొడి పొడిగా తీస్తుంది. నాలుగు గీతలు గీకగానే కొలవకండి. తక్కువ దూరం ఇరవై, ముప్పై సార్లు మెల్లగా లాగి వదిలాకే (తాడు చేత్తో పట్టుకునే వదలాలి, టప్పున కాదు) తీసిన దాని ఫలితం కనబడుతుంది. సాయంత్రానికి రెండు కొసలూ ఒకే కమ్మీకి దిగాయి.

యూట్యూబ్‌లో ఈ భాగాన్నే ఫాస్ట్ ఫార్వర్డ్ చేస్తారు. విల్లు తయారవడమంటే ఆ భాగమే కదా! పైగా ప్రతివాడి మొదటి ప్రశ్న “ఎన్ని పౌండ్లు?”, అంటే విల్లు లాగడానికి ఎంత బలం కావాలని. 1545లో మునిగిన ఇంగ్లండ్ యుద్ధనౌక మేరీ రోజ్‌లో దొరికిన విల్లులు వంద పౌండ్ల పైమాటేనని లెక్కగట్టారు, నిజమే. ఆ విలుకాళ్లు చిన్నప్పటినుంచీ లాగినవాళ్లు, మనం ఆఫీసు కుర్చీలో నడుము పట్టేసినవాళ్లం. మన ఇండియన్ రౌండ్ పోటీల్లో వెదురు విల్లుతోనే 30, 50 మీటర్ల దూరం కొడుతున్నారు, అది చాలదా?

పాత పేపర్లవాళ్ల స్ప్రింగ్ కాటా ఒకటి సంపాదించి తాడుకు తగిలించండి. 13 కిలోలు చూపిస్తే దాదాపు 29 పౌండ్లు. మీరు అనుకున్న బరువు రాగానే ఎంత దూరం లాగినా సరే ఆ రోజుకు ఆపండి, అంతకు మించి ఒక్కసారి కూడా లాగొద్దు. తాడు పూర్తి లాగుడు, అంటే 28 అంగుళాలు, రాకపోతే ఇంకా గీకాలన్నమాట, బలంగా లాగాలని కాదు. ఇక బాణాల గురించి అడక్కండి, అందులో ఇంతకంటే పెద్ద తగాదాలున్నాయి.